వల ఒకడిది, పులుసు ఇంకొకడిది

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, కుంట దగ్గర శబరి, సీలేరు నదులు కలుస్తాయి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర సరిహద్దులూ అక్కడే. చేపకు హద్దుల్లేవు సరే, వల దొంగకూ లేకపోతే ఎలా? రాత్రి కట్టిన వల తెల్లారేసరికి మాయం. ముడి విప్పే ఓపిక కూడా లేదు, తాడు కోసేశాడు. కర్రకు కొస మిగిలింది. అడిగితే ‘ఏరు మీ తాత సొత్తా?’ అని ఎదురు ప్రశ్న. ఏరు కాదు నాయనా, వల! పక్కవాడి దోనె అడక్కుండా విప్పుకుపోయే దొరలదీ ఇదే వాదన.

2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, 5,000 రూపాయల లోపు సొత్తు దొంగిలించి తొలిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే శిక్ష సమాజ సేవే. ఆ సేవ కింద ఊళ్లో చిరిగిన వలలన్నీ వాడిచేతే అల్లించాలి.