ఎవరి బావి వారిదే

పాలవాడు పాలలో నీరు కలుపునని తరతరములుగా నిందించుచున్న మనము అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున కివానీ కౌంటీకి పోయి వచ్చినచో, ఆ అమాయకునికి సాష్టాంగ నమస్కారము చేయుదుము. ఏలయన అచట పాలు నిష్కళంకములు, నీరే కలుషితము.

మనుష్యులకంటె పశువులే అనేకరెట్లు అధికముగ నివసించు ఆ సీమలో పాలిచ్చు ఆవొక్కటి దినమునకు 50 కిలోలకు పైబడిన పేడను, మూత్రమును ప్రసాదించును. ఈ మహాసంపదను చెరువులంతేసి గుంటలలో నిలువజేసి, అదను చూచి మొక్కజొన్న చేలపై కుమ్మరింతురు. చేని మట్టి పలుచన. దాని క్రింద పగుళ్లువారిన డోలమైట్ శిల. భూదేవి నీటిని నెమ్మదిగా వడకట్టి బావికి పంపునన్న పాతనమ్మకమును త్రోసిపుచ్చి, ఆ శిల దినములలో, ఒక్కొక్కచో గంటలలోనే, సర్వమును చేరవేయును. మంచు కరగు వేళ కొందరి ఇండ్లలో కొళాయి త్రిప్పగా గోధుమవన్నె ద్రవము దిగును. దాని పరిమళమును బట్టి మూలమును గుర్తించుటకు రసాయనశాస్త్రము చదువనక్కరలేదు.

అయినను పరీక్ష కావలెను గదా! ఇచటనే ఆ దేశపు న్యాయవివేకము ప్రకాశించును. పాల ట్యాంకరు ప్రతిదియు ఔషధశేషములకై పరీక్షింపబడినగాని కర్మాగారమున దింపరు. మేలురకపు పాలకు అనుమతి పొందిన పాలశాలలో పాత్రలు కడుగు బావినీరు సైతము మూడేండ్లకొకసారియైన పరీక్షకు పోవలెను. కంచెకావల పసిబిడ్డకు పాలపొడి కలుపు బావినీటికి మాత్రము ఆ భాగ్యము లేదు. 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టము ఇంటిబావిని ముట్టదు. ఎంతటి స్వాతంత్ర్యప్రియులు! ఎవరి బావి వారిది, ఎవరి రుసుము వారిది, ఎవరి విరేచనములు వారివి.

నైట్రేట్ గల బావినీటివలన శిశువులు నీలివర్ణము దాల్చుచున్నారని హంటర్ కోమ్లీ అను అయోవా వైద్యుడు 1945లోనే ప్రకటించెను. బామ్మల చిట్కాయు ఇచట పనికిరాదు. నీరు కాచినకొలది క్రిములు చచ్చును గాని నైట్రేట్ చిక్కబడును. నైట్రేట్ రూపమున లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని దాటరాదన్న హద్దు ఊరి కొళాయిని శాసించును, ఇంటి బావికి ఉపదేశించును.

రెండడుగుల మట్టియైన లేని రాతిచేలపై పేడ చల్లరాదని తెలిసికొనుటకు ఆ రాష్ట్రమునకు 2018 రావలసివచ్చెను. పెద్ద పాలశాల చుట్టు అధికారులు పరిశీలన బావులు త్రవ్వింపవచ్చునా, పశుసంఖ్యకు మితి విధింపవచ్చునా అను ధర్మసందేహమును రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2021లో తీర్చెను: వచ్చునట.

ఇక గృహస్థుని సంగతి. ఇల్లమ్మువాడు తానెరిగిన బావిదోషమును కొనువానికి తెలుపవలెనని అచటి నియమము. ఎరుగని దోషమును గూర్చి అడుగువాడు లేడు. కావున ఇల్లు అమ్మదలచిన బుద్ధిమంతుడు పరీక్షాశాల త్రోవ త్రొక్కడు.