ఇల్లు అలికిన పండగ

ఓపెన్ సోర్స్ ప్యాకేజీల రీడ్‌మీల్లో ఈ మధ్య ఒక పట్టిక తప్పనిసరైంది. ఎక్స్86, ఆర్మ్64, రిస్క్-వి, పవర్‌పీసీ, ఎస్390ఎక్స్, మిప్స్, ఎస్‌హెచ్4, హెచ్‌పీపీఏ. ప్రతి పేరు పక్కనా పచ్చటి టిక్కు. ఇన్నింటికి సపోర్ట్ ఇచ్చిన మహానుభావుడి గదిలో ఎన్ని రకాల మెషీన్లున్నాయో అనుకుంటాం. ఒక్కటే ఉంటుంది. అది ఆయన లాప్‌టాప్. మిగతా ఏడింటినీ ఆయన కళ్లతో చూసిన పాపాన పోలేదు. చూడాల్సిన పనేముంది, క్రాస్ కంపైలర్ ఉండగా!

క్రాస్ కంపైలర్ మీద నాకు కోపం లేదు. దాన్ని కట్టేవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. సీ లైబ్రరీ కట్టాలంటే జీసీసీ కావాలి, జీసీసీ పూర్తవ్వాలంటే సీ లైబ్రరీ కావాలి. అందుకని జీసీసీని ముందు అరకొరగా ఒకసారి, తర్వాత పూర్తిగా ఇంకోసారి కడతారు. కట్టే మెషీన్ ఒకటి, కంపైలర్ నడిచేది ఇంకొకటి, దాన్నుంచి వచ్చిన ప్రోగ్రామ్ నడిచేది మూడోది అయితే దాన్ని కెనడియన్ క్రాస్ అంటారు. ఆ పేరు పెట్టిన రోజుల్లో కెనడాలో మూడు జాతీయ పార్టీలుండేవట! ఇంత చాకిరీ ఎవరో చేసిపెట్టబట్టే, డెబియన్‌లో ఒక్క కమాండ్ కొడితే ఎం68కె కంపైలర్ కూడా వచ్చి వాలుతోంది. నా కోపమల్లా కంపైలర్ పని ముగించిన చోటే పండగ మొదలుపెట్టేవాళ్ల మీద.

వాళ్ల పనితనం కాన్ఫిగర్ స్క్రిప్ట్ దగ్గర చూడాలి. చిన్న చిన్న ప్రోగ్రాములు నడిపి మెషీన్ స్వభావం తెలుసుకోవడం దాని పని. క్రాస్‌లో నడపడం కుదరదు. సున్నా బైట్లు అడిగితే మాలక్ సరైన పాయింటర్ ఇస్తుందా? నడపకుండా ఎలా తెలుస్తుంది? పాత స్క్రిప్ట్ అయితే ఇవ్వదనుకుని, మాలక్ స్థానంలో వేరే పేరున్న ఫంక్షన్‌ని పిలుస్తుంది. ఆ ఫంక్షన్ చాలా ప్యాకేజీల్లో ఎవరూ రాసి ఉండరు. లింకర్ లబోదిబోమంటుంది. మనవాడు కాష్ వేరియబుల్‌లో చేత్తో 'యస్' అని రాసేస్తాడు. గ్లిబ్‌సీలో ఆ జవాబు నిజమే కనుక గండం గట్టెక్కుతుంది. ఇక చేతికి అలవాటైపోతుంది. స్టాక్ కిందికే పెరుగుతుందా? యస్. (హెచ్‌పీపీఏలో పైకి పెరుగుతుంది. పెరగనీ.) అలైన్‌మెంట్ లేని అడ్రస్ నుంచి చదవొచ్చా? యస్. స్పార్క్ అలా చదవమంటే బస్ ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. అయితే స్పార్క్ ఉన్నవాడికి కదా ఆ బాధ!

చివర్లో టెస్టుల వంతు. వేరే ప్రాసెసర్ టెస్టులు ఈ మెషీన్ మీద నడవవు కాబట్టి 'నోచెక్' పెట్టి మమ అనిపిస్తారు. టెస్టులే జరగలేదు కనుక ఒక్కటీ తప్పలేదు. టిక్కు పడింది.

ఈ టిక్కు కింద ఏం దాగుంటుందో చూడండి. ఇన్‌పుట్‌లోని అక్షరాన్ని చార్ వేరియబుల్‌లో పెట్టి, అది మైనస్ 1 అయితే ఫైల్ అయిపోయినట్టు అనుకునే లూప్. ఎక్స్86లో చార్ విలువ -128 నుంచి 127 దాకా ఉంటుంది కనుక లూప్ బుద్ధిగా ఆగుతుంది. ఆర్మ్, పవర్‌పీసీ లినక్స్‌లలో చార్ 0 నుంచి 255 దాకా. అక్కడ మైనస్ 1 కాస్తా 255గా మారిపోతుంది, లూప్ ఇక ఆగదు. కంపైల్ మాత్రం రెండుచోట్లా శుభ్రంగా అవుతుంది.

'క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో నడిపి చూశాం సార్' అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కొంత నయం. కానీ ఎక్స్86 లాప్‌టాప్ మీద ఆర్మ్ ప్రోగ్రామ్‌ను క్యూఈఎంయూలో నడిపితే, దానికి దొరికేది లాప్‌టాప్ తాలూకు కట్టుదిట్టమైన మెమరీ క్రమమే. అసలు చిప్ మీద రెండు త్రెడ్లు తన్నుకునే బగ్గు అక్కడ బయటపడకుండా పడుకుంటుంది.

ఇంకా గట్టిగా అడిగితే చివరి బాణం వదులుతారు: 'అసలు ఆ ప్రాసెసర్లు ఎవరు వాడుతున్నారండీ?' ఎవరూ వాడనప్పుడు ఆ టిక్కు ఎవరిని మురిపించడానికి?

నిజంగా సపోర్ట్ ఇవ్వాలనుకున్నవాళ్లు ఏం చేస్తారో డెబియన్‌ను చూడండి. క్రాస్ కంపైలర్లు పంచిపెడుతూనే, తన అధికారిక ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలను ఆయా ప్రాసెసర్ల మెషీన్ల మీదే కడుతుంది. రిస్క్-వికి అధికారిక విడుదలలో చోటు 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తో గానీ దక్కలేదు. ఆ ఆర్కిటెక్చర్ 2010లో బర్కిలీలో మొదలైంది. మన ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీడాక్ 'వేగ' ప్రాసెసర్లు దాని మీదే తయారయ్యాయి. రేపు అలాంటి ప్రాసెసర్ ఉన్న బోర్డు కొనుక్కున్న కుర్రాడు నమ్మేది ఈ పట్టికనే.

కాబట్టి అయ్యా, మెయింటెయినర్ గారూ, బోర్డు మీద నడిపి ఉంటే ఏ బోర్డో, ఎన్ని టెస్టులు తప్పాయో ఆ గడిలో రాయండి. నడపకపోతే టిక్కు తీసేసి 'కంపైల్ అయింది, నడిపి చూడలేదు' అని పెట్టండి.