అమెరికా వెళ్లిన పిల్లల మార్కులు తెలుసుకోవడం ఎలా?

తెనాలిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశాను. యూనిట్ టెస్టు అయిన వారానికల్లా ప్రోగ్రెస్ కార్డు ఇంటికి పంపేవాణ్ణి. తండ్రి సంతకం లేకపోతే వెనక్కి తీసుకునేవాణ్ణి కాదు. మా అమ్మాయి ఇంటర్ చదివిన కాలేజీవాళ్లు వారానికో పరీక్ష పెట్టి, మార్కులు నా ఫోన్‌కి మెసేజ్ పంపేవాళ్లు. మంచి ర్యాంకు వస్తే ఫొటోతో సహా సెంటర్లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు. అలా పెరిగిన పిల్లని ఎం.ఎస్.కి అమెరికా పంపి, మొదటి సెమిస్టర్ అయ్యాక మార్కులు చెప్పమని యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను. ఫెర్పా చట్టం ఒప్పుకోదని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నది నేను. ఆ బాధ ఇంకో తండ్రికి రాకూడదని ఇది రాస్తున్నాను.

1. ముందు చట్టం తెలుసుకోండి

ఫెర్పా అంటే ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్. 1974లో వచ్చింది. న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ తెచ్చాడు కాబట్టి బక్లీ సవరణ అని కూడా అంటారు. అమెరికా విద్యాశాఖ నిధులు తీసుకునే ప్రతి విద్యాసంస్థా దీనికి కట్టుబడాలి. స్కూల్లో ఉన్నంతకాలం పిల్లల రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులదే. పద్దెనిమిది నిండినా, అంతకంటే ముందే కాలేజీలో చేరినా ఆ హక్కు పిల్లల చేతికి వెళ్లిపోతుంది. మార్కులు, ఫీజు బాకీలు, క్రమశిక్షణ చర్యలు అన్నీ అందులోకే వస్తాయి. పేరులో ఫ్యామిలీ ఉంది. లోపల మనం లేము.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఎఫ్-1 వీసా మీద చదివే పిల్లలు కోర్సులు సరిపడా చదువుతున్నారో లేదో యూనివర్సిటీవాళ్లు సెవిస్ అనే వ్యవస్థ ద్వారా అమెరికా ప్రభుత్వానికి తెలియజేస్తారు. అనుమతి లేకుండా కోర్సులు తగ్గించుకుంటే వీసా హోదా పోతుంది. పరాయి ప్రభుత్వానికి తెలిసేది కన్నతండ్రికి తెలియకూడదా?

2. అక్కడ స్థిరపడినవాళ్లు పన్ను కాగితం వాడుకోండి

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉంటూ పిల్లల్ని డిగ్రీ చదివించే తెలుగువాళ్లకి ఒక దారి ఉంది. పన్ను రిటర్నులో పిల్లవాణ్ణి డిపెండెంట్‌గా చూపిస్తే, వాడి అనుమతి లేకుండానే యూనివర్సిటీ మీకు వివరాలు చెప్పవచ్చు. చెప్పి తీరాలని మాత్రం లేదు. అందుకని ఒకసారి కాదంటే ఊరుకోకండి, రిటర్ను కాపీ పట్టుకుని మళ్లీ వెళ్లండి. 21 ఏళ్ల లోపు పిల్లలు మద్యం, మత్తుమందుల నిబంధనలు మీరితే ఆ సంగతి ఇంట్లో చెప్పే వీలు కూడా చట్టంలోనే ఉంది. వెళ్తున్నట్టు పిల్లవాడికి చెప్పకండి. ముందే తెలిస్తే అలుగుతాడు. తర్వాత తెలిసినా మనవాడే కదా.

3. విమానం ఎక్కకముందే సంతకం తీసుకోండి

ఇక్కడున్న మనకి సమ్మతి పత్రమే గతి. ఏ రికార్డులు, ఎందుకు, ఎవరికి చూపించాలో అందులో రాసి ఉండాలి. కింద విద్యార్థి సంతకం, తేదీ ఉండాలి.

వేసవి సెలవులకి వచ్చిన మా అమ్మాయి తిరిగి వెళ్లే రాత్రి ఆ కాగితం తీశాను. హాల్లో సూట్‌కేసు తూకం వేస్తున్నాం. ఇరవై మూడు కిలోలు దాటిందని వాళ్లమ్మ గోంగూర పచ్చడి సీసా బయటికి తీస్తోంది, అమ్మాయి మళ్లీ చీరల మధ్య దూరుస్తోంది. ఆ హడావుడిలో పెన్ను చేతికిచ్చాను.

“ఏంటి నాన్నా ఇది?”

“ఫీజు విషయం తల్లీ.”

సూట్‌కేసు మీదే పెట్టి సంతకం చేసింది. నేను అబద్ధమాడలేదు. ఫీజు కూడా అందులో ఉంది. మీరూ అలాంటి సమయమే చూసుకోండి. తీరిగ్గా కూర్చోబెడితే చదువుతారు, చదివితే ప్రశ్నలు వేస్తారు.

4. పాస్‌వర్డ్ కూడా అడగండి

కాగితం ఉన్నా ఆఫీసువాళ్లు జవాబివ్వడానికి రోజులు పడుతుంది. యూనివర్సిటీ పోర్టల్ పాస్‌వర్డ్ ఉంటే మనమే చూసుకోవచ్చు. అది ఎవరికీ ఇవ్వొద్దని యూనివర్సిటీ చెబుతుంది. తండ్రి ‘ఎవరో’ కాడు. అయితే పాస్‌వర్డ్ కొట్టగానే పిల్లల ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది, వాళ్లు సరేనని నొక్కితేనే తెరుచుకుంటుంది. వేసవి వేళల ప్రకారం మనకి పొద్దున పదిన్నర అయితే మా అమ్మాయి ఉండే టెక్సాస్‌లో అర్ధరాత్రి. నిద్రమత్తులో నొక్కేస్తారు.

అక్టోబరులో అలాగే చూశాను. మూడు సబ్జెక్టుల్లో ఒకదాని పక్కన ‘డబ్ల్యూ’ అని ఉంది. విత్‌డ్రా, అంటే మధ్యలో వదిలేసిందన్నమాట. వీసా ఏమవుతుందోనని గుండె జారిపోయింది.

5. ఫోన్ ఎత్తకపోతే ఆగకండి

ఆ రోజు పద్నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఆరోగ్యానికో ప్రాణానికో ప్రమాదం ఉందనుకుంటే సమ్మతితో పని లేకుండా సమాచారం ఇచ్చే వీలు ఫెర్పాలో ఉంది. క్యాంపస్ పోలీసులకి ఫోన్ చేసి, మా అమ్మాయికి ఏదో అయిందని చెప్పాను. రాత్రి రెండింటికి ఇద్దరు వెళ్లి తలుపు కొట్టారు. లోపలే ఉందని, క్షేమంగా ఉందని నాకు కబురు చెప్పారు. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. రెండు రోజుల తర్వాత నేను కడుపునిండా అన్నం తిన్నది అప్పుడే.

మూడో రోజు యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. విద్యార్థిని తన సమ్మతిని వెనక్కి తీసుకుందట. ఆ వీలు కూడా ఉందని నాకు ముందు తెలియదు. పోర్టల్ పాస్‌వర్డ్ కూడా మారిపోయింది.

6. రూమ్‌మేట్‌ని మంచి చేసుకోండి

ఈ చట్టం విద్యాసంస్థల చేతులు కడుతుంది గానీ రూమ్‌మేట్ నోరు కట్టదు. మా అమ్మాయితో ఉండేది గుంటూరు పిల్ల. ఊరి నుంచి వెళ్లేవాళ్లతో అరిసెలు, ఆవకాయ పంపించి, నాలుగు రోజులాగి ఫోన్ చేశాను.

“వీసాకి ఏం భయం లేదు అంకుల్. డాక్టర్ కాగితం చూసి ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్లే ఒక సబ్జెక్టు తగ్గించుకోమన్నారు” అంది.

“డాక్టర్ దేనికమ్మా?”

కాసేపు మాట్లాడలేదు. “తననే అడగండి అంకుల్” అని పెట్టేసింది.

అడిగాను. “ఇప్పుడు బాగానే ఉన్నాను నాన్నా” అంది.

7. కాగితం మళ్లీ రాయించుకోండి

వెనక్కి తీసుకున్న సమ్మతిని మళ్లీ ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఇక్కడే చదివిస్తే ఈ బాధ ఉండదని కూడా అనుకోకండి. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోనూ తల్లిదండ్రుల సమ్మతి అడిగేది పిల్లలకి పద్దెనిమిది నిండేదాకానే. అలవాటు ఇప్పటి నుంచే చేయాలి.

మా అమ్మాయి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. అక్కడి చలి గురించి, వండుకున్న కూర గురించి చెబుతుంది. డిసెంబరులో వస్తోంది. కొత్త కాగితం బీరువాలో, తన పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టాను. మార్కులు, ఫీజుల కింద ఈసారి క్లినిక్ రికార్డులని ఇంకో లైను చేర్చాను. చిన్న బ్యాగుతోనే వస్తానంది, పచ్చళ్లు కూడా వద్దంది. తూకం వేసే పని ఉండదు. పెన్ను ఎప్పుడు ఇవ్వాలో చూసుకోవాలి.