సైకిలుకు నీడ, సైకిలోడికి హారన్

మన హైదరాబాదుకు సైకిలంటే ఎంత ముద్దో చూడాలంటే నార్సింగి వైపు వెళ్లాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిమీద కరెంటు పుట్టించే సోలార్ పలకలు. 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఎండ తగలదు, వాన తగలదు, లారీ అసలే తగలదు. చిక్కల్లా అక్కడిదాకా సైకిలు తొక్కుకుంటూ పోతే దారిలోనే పోయే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవాళ్లు సైకిలును కారుకు కట్టి తీసుకెళ్తారు.

రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్, ఫ్లాస్కు తగిలించుకుని టీ అమ్మే కుర్రాడు మాత్రం ఊళ్లోనే తొక్కుతారు. వ్యాయామం కోసం కాదు, బస్సు చార్జీ మిగులుతుందని. వాళ్ల రక్షణ బాధ్యత వెనకొచ్చే కారు హారన్ తీసుకుంది.

డ్రైవర్లకు నేర్పితే సరిపోతుందంటారు. నేర్పుతూనే ఉన్నాం: బైకుతో 8 వేయిస్తాం, కారుతో హెచ్ వేయిస్తాం. టెస్టు మైదానంలో సైకిలు ఉండదు, రోడ్డు మీద 8 ఉండదు. లైసెన్సు మాత్రం రెండింటికీ ఒకటే.

బ్రిటన్‌వాళ్లు 2022లో తమ హైవే కోడ్‌ను సవరించి, సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉంచమన్నారు. మన దగ్గర మీటరున్నర ఖాళీ దొరికితే అందులో ఒక ఆటో దూరి, మిగిలిన జానెడులోకి స్కూటీ ముక్కు పెడుతుంది. కారు తలుపును దూరంగా ఉన్న చేత్తో తీయమని కూడా రాశారు, నెదర్లాండ్స్‌ అలవాటు అది. అలా తీస్తే ఒళ్లు తిరిగి, వెనకొచ్చే సైకిలు కంటబడుతుంది. మన డ్రైవరుకైతే అది ఎడమచెయ్యి. లక్షలు పోసి కొన్న కారు తలుపు ఎడమచేత్తోనా? ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు.

నేర్పడం వద్దనను. కాకపోతే నేర్చుకున్నది ఆఫీసుకు ఆలస్యమైన రోజున గుర్తుండదు. తెల్లగీత గీసి సైకిలు బొమ్మ వేస్తే సాయంత్రానికి దాని మీద పానీపూరీ బండి, దాన్ని ఆనుకుని బుల్లెట్టు. మన వాహనాలు గౌరవించేది సిమెంటు గట్టు ఒక్కదాన్నే, అదీ రిమ్ము వంగాక. ఆ గట్టు సైకిలోళ్లు నిజంగా తిరిగే రోడ్డు మీద కట్టాలి.

కడతామంటే దుకాణాలవాళ్లు ముక్తకంఠంతో అడుగుతారు, మా కస్టమర్ల కార్లెక్కడ పెట్టాలని. ఇన్నాళ్లూ పెట్టిన ఫుట్‌పాత్ ఎక్కడికీ పోలేదు కదండీ!