తుండుగుడ్డ తీసేసిన సంత

జగ్గయ్యపేట, నందిగామ కబుర్లకు మా మేనల్లుడో వెబ్‌సైట్ పెట్టాడు. ఆమధ్య వచ్చి, "ప్రీబిడ్ తగిలించా మావయ్యా! ఓపెన్ సోర్సు, పైసా ఖర్చు లేదు" అన్నాడు.

వెబ్ పేజీలో ప్రకటన జాగాను వేలం వేసే సరుకది, 2015లో యాప్‌నెక్సస్ అనే అమెరికా కంపెనీ వదిలింది. అంతకు ముందు ప్రకటన జాగాను ఒకడు కాదంటేనే ఇంకొకడి గుమ్మానికి తీసుకెళ్ళేవారు. ఇప్పుడు పేజీ తెరవగానే కొనేవాళ్ళందరికీ ఒకేసారి కబురు. గడువు సెకనో, మూడో. లక్షల పాఠకులున్న పెద్ద పత్రికలకు గిట్టుబాటే, కాదనను.

మావాడు పద్దెనిమిది మందిని పిలిచాడు. దేనికి? "రేపు నందిగామలో కరెంటు కోత" అన్న రెండు లైన్ల వార్తకు! పాట పాడింది ఇద్దరు. తక్కిన పదహారు మందీ పాఠకుడి ఫోనేదో, ఏ పేజీ చదువుతున్నాడో రాసుకుని చక్కా పోయారు. గుంటూరు యార్డులో కొనకపోయినా మిరపకాయ తుంచి చూసి పోతారుగా, అలాగ. తేడా ఒక్కటే. అక్కడ బస్తా పక్కన రైతుంటాడు, ఇక్కడ బస్తా మనమే.

ఈ పిలుపులన్నీ వెళ్ళేది పాఠకుడి ఫోనులోంచే, అతని రీఛార్జి మీదే. ఉచితమట! అత్త సొమ్ము అల్లుడు దానం. బస్టాండులో నిలబడి చదివేవాడికి వార్త కనబడేలోపు ప్రకటన ఊడిపడి పేజీ కిందికి జారుతుంది, వేలు దాని మీదే పడుతుంది.

ధరల్లో తరుగు కూడా ఉందండోయ్. మామూలు అమరికలో డాలరు 57 సెంట్ల పాట డాలరున్నరగానే పోటీకి వెళ్తుంది.

"కోడంతా బహిరంగం మావయ్యా, పారదర్శకత!" అంటాడు. పశువుల సంతలో దళారులు తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. చూసేవాడికి తెలియకపోయినా ఆ రెండు చేతులకు తెలిసేది. వీళ్ళు గుడ్డ తీసేశారు, నిజమే. చేతులు మాత్రం ఎక్కడో సర్వర్లో ఉన్నాయి. కొనేవాడు ఆ ధర ఎందుకిచ్చాడో కోడు ఎంత తిరగేసినా కనబడదు.

మా ఊరి బట్టల కొట్టాయన నెలకు రెండు వేలిస్తా, పండక్కి నా ప్రకటన వెయ్యమన్నాడు. "నేరుగా తీసుకోవడం పాత పద్ధతి" అని పంపేశాడు మావాడు. మూడు నెలల రాబడి అడిగితే, చెల్లింపుకు కావలసిన కనీస మొత్తం ఇంకా నిండలేదన్నాడు.

కొట్టాయన బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. చూడటానికి డేటా అక్కర్లేదు.