‘గిల్లమాక’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మొగంమీద సెగ్గడ్డని గిల్లమాకబ్బయ్యా, కాపడం పెట్టు, కన్ను వాస్తే ఆసుపత్రికి పో.

టీక: మొగంమీద = విశేషించి ముక్కుకీ పైపెదవికీ చుట్టుపట్ల; సెగ్గడ్డ = వెంట్రుక కుదుట్లో చీము పట్టి, ఎర్రగా ఉబ్బి, సలుపుతున్న కురుపు; గిల్లమాక = గోటితోగాని, పిన్నీసుతోగాని, అద్దం ముందు రెండు బొటనవేళ్లతోగాని చిదమవద్దు; అబ్బయ్యా = ఎలాగూ గిల్లుతాడని తెలిసినచోట వాడే సంబోధన; కాపడం = గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ.

తాత్పర్యం: ఈ సూత్రంలో మందుకంటే ముందు నిషేధం వచ్చింది. ఆ వరసలోనే అసలు వైద్యమంతా ఉందని టీకాకారుడి వాదం. ముక్కు మొదలు నుంచి నోటి మూలలదాకా ఉన్న ముక్కోణంలోని సిరలు కంటిగుంట సిరలగుండా పుర్రె లోపలి కావెర్నస్ సైనస్ అనే సిరల కూడలితో కలుస్తాయి. కురుపు చుట్టూ ఒళ్లు ఒక గోడ కట్టి చీమును ఆపుతుంది. నొక్కితే బయటికి ఎంత చిమ్మిందో కనబడుతుంది, లోపలికి ఎంత పోయిందో అద్దం చెప్పదు. 1880లో స్కాట్లాండు సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గడ్డల చీములో గుత్తులుగా చూసిన స్టాఫైలోకాకస్ క్రిమే చాలావరకు దీనికి కర్త. ఏ జబ్బూ లేనివాళ్ల ముక్కుల్లోనూ అది కాపురముంటుంది (కాబట్టి ముక్కులో వేలుపెట్టేవారికీ సూత్రం పరోక్షంగా వర్తిస్తుంది). మార్కాపురం పలకల మిషన్ల దగ్గర భుజంమీది ఒకే తువ్వాలు ముందు పలక దుమ్మునూ, తర్వాత మెడ చెమటనూ, ఆఖరికి మొగాన్నీ తుడుస్తుంది. క్రిమికి వేరే దారి చూపనక్కర్లేదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, చీము పోనిదే సలుపు తగ్గదు గదా, గిల్లితే తప్పేమిటంటాడు. పోవాలన్నది నిజమే, తగువంతా ఎలా పోవాలన్నదాని మీదే. పదేసి నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెడితే చిన్న గడ్డ తనంతట తానే పండి పగులుతుంది. పెద్దదైతే కోసి చీము తీసే పని డాక్టరుది. పసుపు మాటేమిటంటారా, ప్రయోగశాలలో దానికి క్రిముల్ని అణిచే గుణం కనిపించింది గానీ, పోపులపెట్టెలోది వెంట్రుక కుదుటిదాకా దిగదు. పాచి ఉమ్మి రాయడమంటే నోటి క్రిముల్ని పుండుకు కానుకివ్వడమే. వీటన్నిటికంటే గడుసు పూర్వపక్షం మెడికల్ షాపు ముందు నిలబడి “అన్నా, మొగానికి ఒక ట్యూబియ్యి” అనేది. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది, మానిందనుకుంటాం. తగ్గింది క్రిమిని ఎదిరించే సత్తువ. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని కేంద్రం 2018లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంటూ షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపు ఏదో పాఠకులే చెప్పాలి.

ఇన్ని యాంటీబయాటిక్కులుండగా ఇంత భయమెందుకని చివరి ఆక్షేపం. అవి రాకముందు కావెర్నస్ సైనస్‌లో రక్తం గడ్డకట్టినవాళ్లు దాదాపుగా బతికేవారు కాదు. ఇప్పుడది అరుదు, వచ్చినా ఎక్కువమంది బతుకుతున్నారు. ఆలస్యం చేసినవారికి మాత్రం చూపో ప్రాణమో పోయే ప్రమాదం పోలేదు. గిద్దలూరు నుంచి ఒంగోలు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్లకు పైమాట. కనక ‘కన్ను వాస్తే’ అన్నదాన్ని ఉపలక్షణంగా గ్రహించాలి: జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒకటి రెండుగా కనబడటం, ఎరుపు పాకడం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగరాదు. గడ్డలు మాటిమాటికీ లేస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. మూలంలో ఆ మాట లేకపోవడం వ్యాఖ్యాతలకు కాస్త చోటివ్వడానికే కాబోలు.