నా కంటి కింద చీముచుక్క

నేను పుట్టింది హర్యానాలోని అంబాలాలో. మైక్రోస్కోపుల తయారీలో ఆ ఊరికి పెద్ద పేరుంది. చెక్కపెట్టెలో కూర్చుని రైలెక్కి, కోస్తాలోని ఈ ప్రభుత్వాసుపత్రికి వచ్చాను. చర్మవ్యాధుల ఓపీ పక్కన ఒక చిన్న గది, కిటికీ వార సిమెంటు గట్టు, స్పిరిట్ దీపం, నాలుగు రంగు సీసాలు. నా బతుకంతా అక్కడే. మొదట్లో నా పాదాల దగ్గర చిన్న అద్దం ఉండేది, కిటికీ వెలుగును పట్టి పైకి పంపేది. తర్వాత బల్బు పెట్టారు.

అసలు మొటిమలైతే డాక్టరమ్మ కంటితోనే తేల్చేస్తుంది, నాతో పనిపడదు. ముక్కు మీదా నుదుటి మీదా బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే అది మొటిమల వ్యవహారమే. అవేమీ లేకుండా, అన్నీ ఒక్కసారే లేచినట్టు ఒకే సైజు చీముపొక్కులు ఉండి, పొక్కు నడుమ వెంట్రుక కనబడి, దురద కూడా ఉందంటే ఆమెకు అనుమానం మొదలవుతుంది. అప్పుడు చీటీ రాసి మా గదికి పంపుతుంది.

మొన్న వేసవిలో అలాగే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. దవడల మీదా గడ్డం కిందా పొక్కులే పొక్కులు.

"మొటిమలే కదా మేడం, వేడి చేసింది. మామిడిపళ్లు మానెయ్యమంటోంది మా అమ్మ" అన్నాడు.

"మాట్లాడకు బాబూ, కదిలితే సూది గుచ్చుకుంటుంది" అంది మా టెక్నీషియన్.

స్పిరిట్ దూదితో తుడిచి, కొత్త సూది మొనతో ఒక పొక్కు నెత్తి చిదిపి, వచ్చిన చీమును గాజుపలక మీద పలచగా పూసింది. ఆరాక పలకను మంట మీదుగా మూడుసార్లు తిప్పింది. ఊదా రంగు ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, ఆల్కహాలుతో కొన్ని క్షణాల కడుగు, చివర ఎర్రరంగు. బెర్లిన్‌లో పనిచేస్తూ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతి ఇది. ఇప్పటికీ దీన్ని మించిన చవకైన పరీక్ష మా గదిలో లేదు. పలక మీద ఒక నూనెచుక్క వేసి నా పెద్ద లెన్సును ఆ నూనెలోకి దించింది. ఇక వస్తువు వెయ్యి రెట్లు పెద్దదై కనిపిస్తుంది.

గులాబీ రంగులో చీముకణాలు, వాటి మధ్య ద్రాక్షగుత్తుల్లా ఊదారంగు గుండ్లు. ఒక్కో గుండు మిల్లీమీటరులో ఇంచుమించు వెయ్యో వంతు. కొన్నింటిని చీముకణాలు అప్పటికే మింగేశాయి, వాటి కడుపులో చుక్కలుగా కనబడుతున్నాయి. స్టాఫైలోకాకస్. మొటిమ కాదు, వెంట్రుక కుదురుకు పట్టిన ఇన్ఫెక్షన్.

ఈ గుండ్లను గుర్తుపట్టినప్పుడల్లా నాకు మా పూర్వీకుడు ఒకడు తలపుకొస్తాడు. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ ఇంటి వెనకాల ప్రయోగశాలలో ఉండేవాడు, జైస్ కంపెనీ మైక్రోస్కోపు. పుండుకు చీము పట్టడం మామూలేననుకుంటున్న ఆ రోజుల్లో, గడ్డల చీమును దాని కింద పెట్టి చూసి, గుడ్లలో ఆ క్రిములను పెంచి, చీముకు కారణం ఇవేనని 1880లో ఆగ్‌స్టన్ లోకానికి చెప్పాడు. ఆ వంశంలో పుట్టినందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

మొటిమల్లోనూ ఒక బ్యాక్టీరియా ఉంటుంది, క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్. అది దాదాపు అందరి నూనెగ్రంథుల్లోనూ కాపురముండేదే, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. స్టాఫ్ సంగతి వేరు. ముగ్గురు నలుగురిలో ఒకరికి ముక్కులోనే మకాం వేసి ఉంటుంది. అక్కణ్ణించి వేలికి, వేలి నుంచి తువ్వాలుకు, రేజరుకు పాకుతుంది. కుర్రాణ్ణి అడిగితే తెలిసింది, హాస్టల్ గదిలో ముగ్గురికీ ఒకటే రేజరు.

అంతకన్నా నన్ను బాధపెట్టింది వాడి జేబులోని ట్యూబు. చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చిందట. అందులో స్టెరాయిడ్ ఉంది. రాసిన రెండు రోజులు ఎరుపు తగ్గుతుంది, మొహం తేటపడుతుంది, ఎవరైనా నమ్మేస్తారు. లోపల మాత్రం క్రిమితో పోరాడే బలం సన్నగిల్లుతుంది, ఆ మందు వల్లే కొత్త పొక్కులు లేస్తాయి, చర్మం పలచబడుతుంది. చాలా స్టెరాయిడ్ క్రీములు చీటీ మీదే అమ్మాలని 2018లో కేంద్రం నిబంధన తెచ్చినా, పిల్లలు ఇలా జేబుల్లో పెట్టుకునే వస్తున్నారు. మానేశాక కొన్నాళ్లు మొహం ఎర్రబారి మండుతుందనీ, భయపడి మళ్లీ రాయొద్దనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. పైపూతకు ముపిరోసిన్ ఇచ్చింది, పొక్కులు మానేదాకా గీసుకోవద్దంది, ఎవరి రేజరు వాళ్లదేనంది. ముక్కుకూ పైపెదవికీ మధ్య పొక్కును చిదమొద్దని మరీ మరీ చెప్పింది. అక్కడి సిరలకు మెదడు దగ్గరి సిరలతో సంబంధం ఉంది మరి. సెగ్గడ్డలు పదేపదే లేస్తుంటే షుగరు పరీక్ష చేయించమని కూడా అంటుంది. రాచకురుపుతో వచ్చాక షుగరు బయటపడినవాళ్ల పలకలు నేను చూశాను.

అన్ని పలకలూ ఇంత తేలిగ్గా నోరు విప్పవు. మిషను కుట్టుకునే ఒకావిడ వచ్చింది. ఆమెకు మొదట నిజంగా మొటిమలే. యాంటీబయాటిక్ మాత్రలు పనిచేశాయి. పాత చీటీ చూపించి అవే మాత్రలు నెలల తరబడి వాడింది. ఉన్నట్టుండి ముక్కు చుట్టూ, గడ్డం మీద పసుపుపచ్చ చీముపొక్కులు. ఆమె పలకలో ఊదా గుండ్లకోసం వెతికాం, లేవు. ఎర్రటి చిన్నచిన్న కడ్డీలున్నాయి. చీములోని క్రిములను ప్లేటు మీద పెంచి చూసే కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని వచ్చింది. మామూలుగా ఉండే క్రిములను మాత్ర అణిచేస్తే, దానికి లొంగని ఇవి ముక్కులో పెరిగి మొహం మీదికి పాకాయి. ఇంకా గట్టి డోసు వేద్దామనుకుంటే ఆమె గతేమయ్యేది? మొటిమలు ముదిరాయనే అనుకునేవాళ్లు. డాక్టరమ్మ ఆ మాత్ర ఆపి, ఐసోట్రెటినాయిన్ మొదలుపెట్టేముందు గర్భం లేదని పరీక్ష చేయించింది. కడుపులో బిడ్డకు ఆ మందు చాలా ప్రమాదం.

పలకలో క్రిములే కనబడకపోతే పొటాష్ ద్రావణం వేసి ఈస్టు కణాలకోసం వెతుకుతాం. నుదురు, వీపు, ఛాతీ మీద దురదపెట్టే పొక్కులకు చాలాసార్లు మలాసీజియా అనే ఫంగస్ కారణం. దానికి యాంటీబయాటిక్ ఇస్తే ఇంకా రేగుతుంది.

ఒక్క మనవి. మా గదికి వచ్చే రోజు పొద్దున్న పొక్కుల మీద ఏ మందూ రాసుకోకండి, అంతకుముందు యాంటీబయాటిక్ మింగి ఉంటే దాచకుండా చెప్పండి. మందు తగిలిన చీములో క్రిములు కల్చర్ ప్లేటు మీద పెరక్కపోవచ్చు. అప్పుడు రిపోర్టులో ఏమీ లేదనే వస్తుంది, పొక్కులు మాత్రం అలాగే ఉంటాయి.